బాడుగ సారు

మొన్న సోమవారం పొద్దున్నే ఓనరు బెంగుళూరు నుంచి ఫోన్ చేసినాడు. మా మేనేజరు గుంటూరు పక్క ఇంకో మిల్లులో మంచి జీతం దొరికిందని చెప్పాపెట్టకుండా ఎగిరిపోయినాడు. సీజను నెత్తిమీదికి వచ్చింది. పెద్దకడుబూరు నుంచి పత్తి బండ్లు వచ్చి గేటు కాడ బారులు తీరినాయి. లోపల సంతకం పెట్టే మనిషి లేడు. ఆ పాత సారును అడగమ్మా, ఈ సీజను గడిచేదాకా వచ్చి కూచుంటాడేమో అన్నాడు ఓనరు.

పాత సారు అంటే ఎవరో నాకు విడమరిచి చెప్పే పని లేదు. మేమంతా ఆయన్ను బాడుగ సారు అంటాంటిమి. పెద్ద కుర్చీ ఉన్నట్టుండి ఖాళీ అయితే, ఇంకొకరు దొరికేదాకా వచ్చి కూచొని, దొరికినాక లేచిపోయే మనిషి. ఈ ఊర్లో పత్తి మిల్లు, ఆ ఊర్లో నూనె మిల్లు, ఏదైనా సరే. పెండ్లికి షామియానా తెచ్చుకున్నట్లు ఓనర్లు ఆయన్ను తెచ్చుకుంటారు.

నెంబరు నా ఫోన్లోనే ఉండె. ఎత్తింది ఆయన భార్య. ఆదోని మిల్లు నుంచమ్మా, సారు ఉండాడా అని అడిగినాను.  పోయినారమ్మా, మొన్న ఎండాకాలంలోనే, అని మెల్లగా చెప్పింది. నిద్రలోనే పోయినాడంట.  అప్పుడు ఆమే అడిగింది, "నువ్వు మేరమ్మవా?" అని.

నా పేరు ఆమెకు ఎట్లా తెలుసు? ఆ మనిషి మా మిల్లులో ఉన్నన్ని దినాలూ నన్ను ఒక్కసారన్నా పేరు పెట్టి పిలవలేదు. నన్నే కాదు, ఎవర్నీ పిలవలేదు. నేను ఆఫీసులో ఫోన్లు చూస్తాను కాబట్టి నేను ఫోనమ్మను. దూదిని అదిమి బేళ్ళుగా కట్టే ప్రెస్సు మేస్త్రి ప్రెస్సన్న. తూకం వేసేటాయన కాటా అప్ప. కసువు ఊడ్చే హుసేనమ్మ చీపురక్క. మా పేర్లు ఆయనకు తెలీవనే అనుకుంటిమి. పేర్లు తెలిస్తే పనిలోంచి తీసేటప్పుడు ముఖం చూడలేడు, అందుకే నేర్చుకోడు అని మా ప్రెస్సు మేస్త్రి ఈరన్న అంటాండె. 

ఆయన వచ్చిన సంగతి చెప్పాలంటే ముందు పెద్ద సారు చావు చెప్పాల. పెద్ద సారంటే అంతకుముందు మేనేజరు. నేను పనిలో చేరింది ఆయన చేతికిందే. మా ఆయన లారీ మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నప్పుడు ఆస్పత్రికి జీపు ఇచ్చిందీ ఆయనే. కొన్నేండ్ల కిందట, దసరాకు ముందు కాటా కాడ నిలబడి, పత్తిలో తేమ ఎక్కువుందని ఒక రైతుతో వాదిస్తా వాదిస్తానే నేలకొరిగినాడు. నీళ్ళు తెచ్చేలోపల ప్రాణం పోయింది. ఓనరు వచ్చి పూలదండ వేసి, సాయంత్రానికే వెనక్కి పోయినాడు. వాళ్ళ నాయన ఉన్న కాలంలో వాళ్ళకు మిల్లే ఇల్లు. ఈయన మాత్రం ఫోన్లోనే మిల్లు నడుపుతాడు. ఇంత స్థలం ప్లాట్లు వేసుకుంటే ఎంత బాగుంటాది అని ఎవరితోనో అన్నాడని మా చెవిన పడింది. అది నిజమో అబద్ధమో యేసుప్రభువుకే తెలియాల.

అట్లాంటప్పుడు బాడుగ సారు వస్తాండాడని తెలిసింది. ఎమ్మిగనూర్లో ఉండే మా చెల్లెలు సుగుణకు చెప్తే అది ఫోన్లోనే ఏడుపు మొదలుపెట్టింది. వాళ్ళాయన పనిచేసిన నూనె మిల్లుకూ ఆయనే వచ్చినాడంట. వచ్చి, పాడైన మిషన్లు బాగు చేయించి, గోడలకు సున్నం కొట్టించి, అంతా తీరుగా పెట్టినాడంట. ఇంక మన మిల్లుకు మంచి రోజులు వచ్చినాయని అందరూ సంబరపడేలోపల గేటుకు తాళం పడింది. వాళ్ళాయన ఇప్పుడు నందవరం రోడ్డులో ఆటో తోల్తాండాడు. "అక్కా, ఆయప్ప వచ్చినాడంటే పాడె కట్టేటోడు వచ్చినట్లే. నువ్వు ఇంకో పని చూసుకో" అంది సుగుణ. ఇంకో పని యాడుంది? మా ఆయన మంచం మీద ఉండాడు. పిల్లలు బడికి పోతాండారు. ఆ జీతం ఆగితే మా పొయ్యి ఆగుతాది. 

వచ్చిన దినమే అందర్నీ బెదరగొట్టినాడు. అరవలేదు, కరవలేదు. సన్నగా, పొడుగ్గా, నెరిసిన మీసంతో ఉండె. చేతిలో ఒక రెక్సిన్ బ్యాగు. ఆఫీసు వరండాలోకి వచ్చి, పెద్ద సారు రూము ముందు నిలబడి, మూసి ఉన్న తలుపును రెండుసార్లు తట్టినాడు. లోపల ఎవరూ లేరని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. తట్టి, తల కొంచెం వంచి, లోపలి నుంచి ఎవరో రమ్మనాలన్నట్లు నిలబడినాడు. తర్వాత మెల్లగా తలుపు తోసి పోయినాడు. హుసేనమ్మ చేతిలో చీపురు కింద పడింది.

ఒక దినం అయితే సరిపోయిందనుకోవచ్చు. దినామూ అంతే. పొద్దున తడతాడు, మధ్యాన్నం అన్నం తినొచ్చి తడతాడు. సచ్చిపోయినాయన లోపల కూచొని ఉండాడు, ఈయన ఆయన్ను అడిగే పనులు చేస్తాండాడు అని హుసేనమ్మ మిల్లంతా టాంటాం వేసింది. దాని నోట్లో నువ్వుగింజ నానదు. అప్పట్నుంచి ఆ రూము ఊడ్చాలంటే నేను వాకిట్లో కాపలా నిలబడాల. నేను దెయ్యాలను నమ్మను, ప్రతి ఆదివారం చర్చికి పోయేదాన్ని. అయినా ఫైలు తీసుకొని ఆ తలుపు కాడికి పోతే, అడుగు పెట్టేముందు ప్రభువును తలచుకునేదాన్ని.

లోపల ఇంకో వింత. పెద్ద సారు కుర్చీలో ఆయన కూచునేవాడు కాదు. క్యాంటీను నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకొని, టేబులుకు ఇవతల, మాట్లాడేదానికి వచ్చినోళ్ళు కూచునే పక్క వేసుకున్నాడు. ఆ పక్క నుంచే వంగి సంతకాలు పెడతాండె. ఎదురుగా పెద్ద సారు కుర్చీ ఖాళీగా, దాని మీద ఆయన తువ్వాలు అట్లే వేలాడతా ఉండె. బ్యాగు మాత్రం కాలికి ఆనుకొని ఉండాల్సిందే. పత్తి నుంచి గింజ తీసే జిన్నుల కాడికి పోయినా బ్యాగే, కాటా కాడికి పోయినా బ్యాగే. టిఫినుకు ఉగ్గాని తెచ్చిస్తే నిలబడే తినేవాడు, బ్యాగు రెండు కాళ్ళ మధ్య పెట్టుకొని. రైలు వచ్చేస్తాంది అన్నట్లు ఉండె ఆయన తిండి.

మాటలు తక్కువ. బళ్ళారి పక్క మనిషి కాబట్టి మధ్యలో కన్నడం తగిలేది. ఏది చెప్పినా "హౌదా", అంటే అట్లనా, అని తలూపి వింటాండె. పని చెప్తే మటుకు ప్రతిసారీ ఒకే మాట. "నేను ఉన్నంతసేపు ఇట్లా చెయ్యండప్పా. తర్వాత సంగతి తర్వాత." ఆ తర్వాత అనే మాట ఉంది చూడు, అది వినపడితే మాకు గుండెల్లో రాయి పడేది. తర్వాత ఏముంది? తాళమే కదా. జిన్నులకు కొత్త రోలర్లు వేయించినాడు, మాకు భయం. కారే రేకులు మార్పించినాడు, ఇంకా భయం. సుగుణ చెప్పిన సున్నం గుర్తొచ్చి, గోడల కాడికి ఎప్పుడు వస్తాడా అని చూస్తా కూచుంటిని. మామూలు మేనేజరు మిల్లు బాగుచేస్తే జనం దండం పెడతారు. ఈయన బాగుచేస్తాంటే మేము ఏడుస్తాంటిమి.

సాయంత్రం పూట గోడౌనులో తిరిగేవాడు. వరుసగా పేర్చిన పత్తి బేళ్ళ మధ్య నడుస్తా, ఒక్కొక్కదాన్నీ చెయ్యి వెనకపక్కతో తాకి చూసేవాడు, పిల్లోనికి జరం వచ్చిందేమో చూసినట్లు. ఈరన్నకు అది నచ్చేది కాదు. బేళ్ళను అంచనా కడతాండాడు, అమ్మేటోని చెయ్యి అది, అనేవాడు. నేనూ అట్లే అనుకుంటిని. పత్తి మిల్లులో నిప్పు భయం ఎప్పుడూ ఉండేదే. జిన్నులో చిన్న రాయి పడి నిప్పురవ్వ లేచినా, అది దూదిలో దూరి బేలు నడిమధ్యలో కూచుంటాది. పైకి ఏమీ కనపడదు. దినాల తరబడి లోపల్లోపలే తింటా వచ్చి, ఒకనాడు భగ్గుమంటాది. ఆ సంగతి ఈరన్నకు తెలిసినంత ఎవరికీ తెలీదు. తెలిసినోడే ఆ పని చేసినాడు.

మా మిల్లులో ఒక ఆచారం ఉంది. సీజనులో మొదట కట్టిన బేలును లక్ష్మి బేలు అంటారు. దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, గోడౌనులో ఈశాన్యం మూల పెడతారు. మిగతా బేళ్ళన్నీ దాని చుట్టూ పేరుస్తారు. అన్నీ అమ్ముడుపోయినాకే అది కదలాల. ముందు కదిలితే లక్ష్మి లేచిపోయినట్లు, మిల్లు మూతపడినట్లు. పూజ దినం కొబ్బరికాయ కొట్టినాక, ప్రతి బేస్తవారం అంగళ్ళకు ఊదు పొగ వేసే సాయిబు తాత వచ్చి ప్రెస్సుకు పొగ వేస్తాడు. ఈరన్న ఆయన గిన్నెలోంచి చిటికెడు చల్లారిన బూడిద తీసుకొని, ప్రెస్సు పెట్టెలో తొక్కుతాండే దూదిలో వేస్తాడు. హిందువులు, సాయిబులు, మేము, ముగ్గురమూ ఆ బూడిదకు దండం పెట్టుకుంటాము. పాస్టరుకు తెలిస్తే తిడతాడని నేను కండ్లతోనే పెడతాను.

ఆ ఏడు పూజ దినం ఈరన్నకు భయం ఎక్కువైంది. పెద్ద సారు పాయె, బాడుగ సారు వచ్చె, మిల్లు ఉంటాదో పోతాదో. చిటికెడు ఏం సరిపోతాది అనుకున్నాడు. సాయిబు తాతను అడిగి, తమలపాకుల్లో పిడికెడు పోయించుకున్నాడు, అదీ గిన్నె అడుగు నుంచి, వెచ్చవెచ్చగా ఉండేది. వెచ్చగా ఉంటే తాత చదివిన దువా ఇంకా తాజాగా ఉంటాదని ఆయన లెక్క. బంతిపూల రెక్కలు కప్పి, దూది నడుమ పెట్టి, ప్రెస్సు దింపినాడు. ఆ బూడిదలో ఒక బొగ్గు కన్ను మూయకుండా ఉండిందని ఎవరికి తెలుసు?

వారం తిరగకుండా ఒక మధ్యాన్నం ఈరన్న నా టేబులు కాడికి వచ్చినాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నన్ను బోరింగు కాడికి పిలిచి, చెప్పలేక చెప్పలేక చెప్పినాడు.

"మేరమ్మా, లక్ష్మి బేలు కాడ కమురు వాసన వస్తాంది. రెండు దినాల నుంచీ వస్తాంది."

 సారుకు చెప్పినావా అంటే, చెప్తే నిప్పు పడిందని రాసుకుంటాడు, ఓనరుకు అదే సాకు దొరుకుతాది, రేపే తాళం వేస్తారు అన్నాడు. నా చేతులారా మిల్లును తగలబెట్టినోడ్ని నేనే అయితాను అని తలకాయ బోరింగుకు కొట్టుకున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే తాళం. చెప్పకపోతే? ఎండకు తాళలేక మా మిల్లు ఆడోళ్ళంతా మధ్యాన్నం గోడౌనులోనే సద్దులు విప్పుకొని తిని, బేళ్ళ నీడలో నడుం వాలుస్తారు. ఆ సమయానికి హుసేనమ్మ అందులోనే ఉండె.

పోయి ఆ తలుపు తట్టినాను. రాండి అన్నాడు. లోపలికి పోయినాను. ప్లాస్టిక్ కుర్చీలోంచి తల తిప్పి చూసి, ఏమైంది ఫోనమ్మా అన్నాడు. ఎట్లా చెప్పినానో నాకే తెలీదు. బూడిద, బొగ్గు, వాసన, అన్నీ కలిపి వాగినాను. ఈరన్నను ఏమీ అనొద్దండి సార్ అని కూడా అన్నట్లుంది. ఆయన ఈరన్నను అడగలేదు, బూడిదను అడగలేదు. "లోపల ఎవరుండారు?" అన్నాడు, అంతే. ఆడోళ్ళు ఉండారు సార్ అనేసరికి లేచి పరుగెత్తినాడు. ఆ వయసులో అట్లా పరుగెత్తుతాడని నేను అనుకోలేదు. నేనూ వెనకాలే పరుగెత్తతా ఒకటి గమనించినాను. బ్యాగు కుర్చీ కిందనే ఉండిపోయింది.

నిద్రపోయేటోళ్ళను లేపి, సద్దిగిన్నెలు యాడివి ఆడనే వదిలిపించి, అందర్నీ బయటికి తరిమినాము. హమాలీలు చుట్టూ ఉన్న బేళ్ళు ఒకటొకటి జరిపినారు. జరిపేకొద్దీ వాసన ఎక్కువైంది. చివరికి పసుపు పూసిన బేలు బయటపడింది. సారు వంగి, చెయ్యి వెనకపక్క దాని మీద పెట్టి, చటుక్కున తీసేసినాడు. దీన్ని బయలుకు దొర్లించండప్పా అన్నాడు. ఎవరూ కదల్లేదు. కొక్కేలు చేతుల్లోనే ఉండాయి, కాళ్ళు మాత్రం నేలకు అతుక్కపోయినాయి. సారు నా పక్క చూసినాడు. లక్ష్మి బేలు సంగతి చెప్పినాను. దీన్ని ముందు కదిలించిన చెయ్యికి శని పట్టుకుంటాది, మిల్లుకు మూత పడతాది అని వీళ్ళ నమ్మకం సార్ అన్నాను. వీళ్ళ నమ్మకం అన్నాను గాని నేను కూడా ఆ బేలు మీద చెయ్యి వేసి ఉండను. లోపల నిప్పు, బయట తాళం, మేమందరం ఆ రెంటి మధ్య నిలబడి ఉంటిమి.

మూఢనమ్మకం అని తిడతాడేమో అనుకుంటిని. హౌదా అన్నాడు.  తర్వాత ఈరన్న చేతిలోంచి కొక్కెం తీసుకొని బేలుకు తగిలించినాడు.

"మొదటి చెయ్యి నాదే. శని పడితే నాకే పడతాది. నేను ఎట్లైనా పోయేటోణ్ణి, అదీ నాతోనే పోతాది. ఇంక పట్టండి."

పట్టినారు. ఈరన్న ఏడుస్తానే పట్టినాడు. ప్రహరీ పక్కన పత్తి కుప్పలకు దూరంగా, ఉత్త మన్ను తప్ప ఏమీ లేని చోటికి దొర్లించినారు. కట్లు కోయబోతే వద్దన్నాడు. కోస్తే గాలి తగిలి ముఖం మీదనే మండుతాదంట. ఇసుక బకెట్లు, నీళ్ళ గొట్టం తెప్పించి, అందర్నీ దూరం నిలబెట్టి, తను ప్లాస్టిక్ కుర్చీ వేయించుకొని దానికి ఎదురుగా కూచున్నాడు.

టీ తీసుకపోయి ఇచ్చినాను. గ్లాసు తీసుకున్నాడు గాని తాగకుండా మన్నులో పెట్టేసినాడు. అప్పుడు చూసినాను ఆయన ముఖం. మా అందరికంటే ఎక్కువ భయం ఆ ముఖంలోనే ఉండె. ఇన్ని దినాలూ ఈ మనిషికి భయపడితినే అని నాకు ఆశ్చర్యమైంది. ఆ ఆశ్చర్యంలోనే ధైర్యం వచ్చి, అడగకూడనిది అడిగేసినాను. ఈ మిల్లు మూసేదానికేనా సార్ మీరు వచ్చింది, అని.

ఆయన బేలు మీంచి కన్ను తీయకుండా చెప్పినాడు.

"నాకు చెప్పరు ఫోనమ్మా. చూసుకో అంటారు, అంతే. ఎమ్మిగనూర్లోనూ చూసుకో అన్నారు. నిలబెట్టేదానికే అనుకొని అంతా బాగు చేసినాను. బాగుంది కదా అని మంచి ధరకు అమ్మేసినారు, కొన్నోళ్ళు తాళం వేసినారు. ఈడ ఏం చేస్తారో నాకూ తెలీదు. రోలరు మార్పించిన ప్రతిసారీ నాకు భయమే."

నాకు ఏడుపొచ్చింది. మా చెల్లెలి మొగుడు ఆ మిల్లులోనే చేసినాడు సార్ అన్నాను. హౌదా అన్నాడు. ఆ హౌదా ఎంత మెల్లగా అన్నాడంటే, నేను అనకుండా ఉంటే బాగుండు అనిపించింది. ఎట్లాగూ అడిగినాను కదా అని ఇంకొకటి కూడా అడిగినాను, లోపల ఎవరూ లేకపోయినా తలుపు ఎందుకు తడతారు అని. తట్టకుండా పోతే నాదే అనుకుంటానమ్మా, అన్నాడు. నాదే అనుకుంటే పోయేటప్పుడు లేవలేను అన్నాడు.

కొంచేపటికి బేలు ఒక మూల నల్లబడింది. పసుపు పూసిన చోటి నుంచి సన్నగా పొగ లేచింది. ఒక కట్టు టప్పుమని తెగింది, ఇంకొకటి తెగింది, అంతే, నిలువెత్తు మంట లేచింది. ఆడోళ్ళు ఒక్కసారిగా ఏడ్చినారు. ఎవరూ మంట పక్క చూడలేదు. అందరూ గోడౌను పక్కే చూస్తాండ్రి. హుసేనమ్మ తన సద్దిగిన్నె గుండెకు అదుముకొని, నేను ఆ మూలనే పండుకుంటిని మేరమ్మా, ఆ మూలనే పండుకుంటిని అని అదే మాట అంటాండె.

సాయంత్రం ఓనరు ఫోన్ వచ్చింది. లోపలికి లైను నేనే ఇచ్చినాను. అవతల గొంతు ఎంత పెద్దగా ఉండిందంటే వాకిట్లో నిలబడిన ఈరన్నకు కూడా వినపడింది. ఎవడు చేసినాడు, వాణ్ణి తీసేయి, లేకుంటే మిల్లే మూసి పారేస్తా అని అరుస్తాండె. సారు అంతా విన్నాడు. విని, "బేలు నేనే సరిగ్గా చూసుకోలేదండి. తప్పు నాదే. మీరు పర్మనెంటు మనిషిని తొందరగా తెచ్చుకోండి, మిల్లు బాగానే ఉంది" అన్నాడు. బూడిద మాట ఎత్తలేదు. ప్రెస్సన్న మాట ఎత్తలేదు. ఈరన్న వాకిట్లోనే గోడకు ఆనుకొని కూలబడినాడు.

కోపంలో ఓనరు నిజంగానే తొందరపడి కొత్త మనిషిని తెచ్చినాడు. మిల్లు మూసే ఆలోచన ఉండిందో లేదో గాని, బాడుగ సారును పంపేసే పంతంలో అది మరుగున పడిపోయింది. ఆ కొత్త మేనేజరు, ఇప్పుడు గుంటూరు పక్కకు ఎగిరిపోయినాయన, వచ్చిన దినం బాడుగ సారే ఆయన్ను వరండాలోకి తీసుకొచ్చినాడు. తలుపు రెండుసార్లు తట్టి, ఆగి, తెరిచి, "మీరు తట్టే పని లేదప్పా, ఇది మీ రూమే" అన్నాడు. ప్లాస్టిక్ కుర్చీ తనే మోసుకొని పోయి క్యాంటీనులో పెట్టినాడు. దండ తెస్తే వద్దన్నాడు. ఈరన్న కాళ్ళ మీద పడబోతే చెయ్యి పట్టుకొని లేపి, ప్రెస్సన్నా, చల్లారినాకనే వెయ్యి, అన్నాడు. నాకు, పోయొస్తా ఫోనమ్మా అని. బ్యాగు తీసుకొని, ఆటో కూడా ఎక్కకుండా బస్టాండు పక్క నడిచిపోయినాడు. అప్పుడు కూడా పేరు పెట్టి పిలవలేదని నాకు కొంచెం కోపమే వచ్చింది.

మొన్న ఫోన్లో ఆయన భార్య ఇంకో మాట చెప్పింది. ఆదోనిదే ఆయన ఆఖరి పని అంట. ఆయన చేతికింద మిల్లులో నిప్పు పడిందని మాట పాకిపోయి, తర్వాత ఎవరూ పిలవలేదంట. ఇంట్లో కూచొని మా పేర్లు చెప్తాండెనంట. ఈరన్న అనీ, హుసేనమ్మ అనీ, మేరమ్మ చెల్లెలు ఎమ్మిగనూర్లో ఉంటాది, వాళ్ళాయన పని నా మూలంగా పోయింది అనీ. ఉంటానమ్మా అని కూడా చెప్పకుండా ఫోన్ పెట్టేసినాను.

కండ్లు తుడుచుకొని ఓనరుకు చేసినాను. సారు పోయినాడంట సార్ అన్నాను. అయ్యో పాపం, మంచి మనిషి అన్నాడు. ఒక ఊపిరి తీసుకున్నంతసేపు ఆగినాడు.

"సరే మేరమ్మా, నీకు అన్నీ తెలుసు కదా. ఇంకొకరు దొరికేదాకా నువ్వే చూసుకో."

చూసుకో. బాడుగ సారుకు చెప్పిందీ ఇదే మాట. ఎందుకు చూసుకోవాల సార్, నిలబెట్టేదానికా, అమ్మేదానికా అని అడగాలనుకుంటిని.  సరే సార్ అన్నాను. బాడుగ సారు కూడా ఎన్ని ఊర్లలో ఇట్లే సరే అన్నాడో.

వరండాలోకి వచ్చినాను. బెంచీ మీద కూచొని ఆకూవక్కా నములుతాండే హుసేనమ్మ నన్ను చూసి లేచి నిలబడింది. ఇన్నేండ్లలో నన్ను చూసి ఎప్పుడూ లేవలేదు. ఓనరు ఏమన్నాడో అప్పటికే తెలిసిపోయినట్లుంది. ఈరన్న భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. నా ముఖం చూడకుండా, నేల చూస్తా, మిల్లు ఉంటాదా అమ్మా అని అడిగినాడు. మేరమ్మా అనలేదు. ఆ కండ్లు నాకు తెలుసు. అప్పుడు ఆ తలుపు కాడ ఫైలు పట్టుకొని నిలబడిన నా కండ్లు అవి.

నాకు తెలీదు ఈరన్నా అన్నాను. అది నిజమే. ఆయన నమ్మలేదు. నేనూ బాడుగ సారును నమ్మలేదు కదా.

క్యాంటీనుకు పోయి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకున్నాను. తలుపు ముందు దించి, రెండుసార్లు తట్టినాను. వెనకాల హుసేనమ్మ ఆకూవక్కా నమలడం ఆపేసింది. సారు ఆగినంతసేపు ఆగి, కుర్చీ ఎత్తుకొని లోపలికి పోయినాను.